ఊరివాళ్ళ టికెట్టు

కౌంటరమ్మ కోడలు రోజూ సొంత అత్తగారి చేతి మీదుగా అరవై పెట్టి లాంచీ టికెట్టు కొనుక్కుంటుందని ఊరంతా చెప్పుకుని నవ్వుకునేది.

రేవులో టికెట్లమ్మే గదిలో ఇరవై రెండేళ్ళుగా ఆవిడే కూర్చుంటోంది. అందుకే ఆ పేరు. గదంటే పెద్దదేం కాదు, ఒక కుర్చీ, ఒక బల్ల, ఊచల కిటికీ. బల్ల మీద రెండు టికెట్ల పుస్తకాలు. తెల్లది ఊరివాళ్ళకి, పది. పసుప్పచ్చది పైవాళ్ళకి, అరవై. అరగంట ప్రయాణం చేస్తే అవతల దీవి, దాని మీద పాత కోట, కోట కింద ముప్పై ఇళ్ళు. కోట చూడ్డానికి ఎక్కడెక్కడి జనమో వస్తారు. కిటికీ పక్కన బోర్డు మీద కంపెనీవాళ్ళు రాయించిన మాట ఒకటే: ఈ ఊళ్ళో పుట్టినవారికి, లేదా వరసగా ఐదేళ్ళు కాపురమున్నవారికి పది; తక్కినవారికి అరవై.

కోడలు పైవూరి పిల్ల. నాలుగు భాషలు గలగలా మాట్లాడుతుంది. పెళ్ళై వచ్చిన మూడో ఏట కోటలో గైడు పని సంపాదించుకుంది. మొదటి రోజు ఉదయం తయారై, చేతిలో గొడుగు పట్టుకుని, వరసలో తన వంతు రాగానే కిటికీ దగ్గరికి వెళ్ళి నవ్వింది.

"ఒకటివ్వండి అత్తయ్యా."

"ఎన్నేళ్ళయింది నువ్వొచ్చి?"

"అదేంటి, మీకు తెలీదా?"

"నాకు తెలుసు. వెనకాల నిలబడ్డవాళ్ళకి తెలియాలిగా. రెండేళ్ళ మూడు నెలలు. అరవై."

వరసలో ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. కోడలి మొహం ఎర్రబడింది. అయినా అరవై తీసి ఇచ్చి, పసుప్పచ్చ టికెట్టు పట్టుకుని లాంచీ ఎక్కింది. లాంచీ నడిపే సరంగు ఆమె మామగారే. ఆయన చుక్కాని పట్టుకుని నీళ్ళకేసి చూస్తూ, "నడిపేది నేను, నడిపించేది మీ అత్త. నన్నేం అడక్కు తల్లీ" అన్నాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర కొడుకు తల్లిని ఏదో అనబోయాడు. వాడు ఐసు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. ఇంట్లో వాడి పరిస్థితి కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. కౌంటరమ్మ మాట పూర్తి కానివ్వలేదు.

"మా ఇంట్లోవాళ్ళని తెల్లటికెట్టు మీద పంపించి, పక్కింటివాళ్ళ చుట్టాన్ని ఏ మొహం పెట్టుకుని అరవై అడగను?" అంది. ఆ పైన కోడలి వైపు తిరిగి, "నువ్వు ఇంటిఖర్చుకి ఒక్క పైసా ఇవ్వక్కర్లేదు. నీ లాంచీ నువ్వు కట్టుకుంటున్నావుగా, అది చాలు" అని ఆమె కంచంలో ఇంకో చేపముక్క వేసింది.

కోడలికి కోపం చల్లారలేదుగాని, చేపముక్క మాత్రం తినేసింది.

అలా రెండున్నరేళ్ళు గడిచాయి. అరవై ఇవ్వడం, పుచ్చుకోవడం వాళ్ళిద్దరికీ పొద్దున్నే పలకరించుకోవడంలా అలవాటైపోయింది. చిల్లర లేకపోతే కౌంటరమ్మ అందరిముందూ కసిరేది. వాన వస్తే మాత్రం కిటికీలోంచి తన గొడుగు చాపేది. గోడ మీద కేలండరులో ఒక నెల తొమ్మిదో తారీఖు చుట్టూ ఎవరో పెన్సిలుతో సున్నా చుట్టారు. అది ఎవరు చుట్టారో ఇంట్లో ఎవరూ అడగలేదు. కోడలి పేరు ఊరి రిజిస్టరులోకెక్కి ఆ రోజుకి ఐదేళ్ళు నిండుతాయి.

ఇంకా మూడు నెలలుందనగా ఒక మాస్టారు పన్నెండుమంది పిల్లల్ని వెంటేసుకుని రేవుకి వచ్చాడు. ఎక్కడో కొండల్లోని చిన్న బడి. రెండు బస్సులు మారి వచ్చారు. పిల్లలెవరూ నీళ్ళని అంత వెడల్పుగా ఎప్పుడూ చూడలేదు. మాస్టారు పది అనుకుని లెక్క వేసుకొచ్చాడు. ఎవరో ఊరివాడు చెప్పిన ధర అది. కిటికీ దగ్గర అరవై అని వినగానే ఆయన వెనక్కి తిరిగి పిల్లల్ని మళ్ళీ లెక్కపెట్టుకున్నాడు.

"పిల్లలక్కూడానా అమ్మా?"

"బోర్డు మీద పిల్లల మాట లేదు మాస్టారూ. నేను రాసింది కాదు" అంది కౌంటరమ్మ. ఆవిడ గొంతు ఎప్పటిలా గట్టిగా లేదు.

మాస్టారు పక్కకి వెళ్ళి జేబులన్నీ వెతుక్కున్నాడు. ఉన్నదాంట్లో ఆరుగురు పిల్లలూ ఆయనా వెళ్ళొచ్చు. చీట్లు వేశారు. ఆరుగురు ఎగురుకుంటూ లాంచీ ఎక్కారు. తక్కిన ఆరుగురూ రేవు మెట్ల మీద వరసగా కూర్చున్నారు. వాళ్ళలో ఒక్కరూ ఏడవలేదు. కోడలు ఆ రోజు అదే లాంచీలో ఉంది. వాళ్ళు ఏడ్చి ఉంటే ఇంత బాధ ఉండేది కాదని తరవాత మొగుడితో చెప్పింది. ఆ పిల్లల్ని దాటుకుని ఊళ్ళో మూడు హోటళ్ళున్న పెద్దమనిషి వచ్చి, బంగారు గొలుసు సవరించుకుంటూ పది ఇచ్చి తెల్ల టికెట్టు తీసుకుని లాంచీ ఎక్కాడు.

లాంచీ వెళ్ళిపోయాక కౌంటరమ్మ తలుపు తీసి ఆ ఆరుగుర్నీ లోపలికి పిలిచింది. ఒక్క కుర్చీకే చోటున్న గదిలో ఆరుగురూ ఇరుక్కున్నారు. టీ కొట్టునించి బిస్కెట్లు తెప్పించింది. టికెట్ల మీద తారీఖు ముద్ర వేసే పని వాళ్ళకి అప్పగించింది. ఆ మధ్యాహ్నం అమ్మిన టికెట్లన్నిటి మీదా ముద్రలు తలకిందులుగానో, రెండేసిగానో పడ్డాయి. ఒకదాని మీద ముద్ర బదులు చిన్న వేలిగుర్తు పడింది.

ఆ సంగతి ఆవిడ ఇంట్లో చెప్పలేదు. కోడలూ తను చేసిన పని ఇంట్లో చెప్పలేదు. కంపెనీకి ఆమె ఒక ఉత్తరం రాసింది. పైవాళ్ళ ధర తగ్గించండి, బడిపిల్లలకి అందులో సగం చెయ్యండి, ఆరు రెట్లు అడిగి మళ్ళీ రమ్మంటే ఎవరొస్తారు అని. నెలరోజులు కోటకి వచ్చినవాళ్ళ చేత దాని మీద సంతకాలు పెట్టించింది. నూట పదహారు సంతకాలయ్యాయి.

కంపెనీకి కొత్తగా వచ్చిన మేనేజరు ఆ ఉత్తరం చదివి తెగ సంబరపడ్డాడట. ఆయన సంబరం ఎందుకో తరవాత తెలిసింది. వచ్చే నెల ఒకటో తారీఖునించి ఊరివాళ్ళూ పైవాళ్ళూ అని తేడా లేదు, అందరికీ ముప్పై అయిదు అని ఆర్డరు వేసి, రేవులో అంటించాడు. కింద ఒక ముక్క కూడా చేర్చాడు: కోట గైడు గారి విజ్ఞప్తి మేరకు.

ఆ కాగితం కౌంటరమ్మ కిటికీకి ఎదురుగానే అంటించారు. ఆవిడ దాన్ని కళ్ళజోడు పెట్టుకుని ఒకసారి, తీసి ఒకసారి చదివింది.

ఇంటికి వచ్చేసరికి కోడలు వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతోంది.

"ఉత్తరం రాశావట."

"తగ్గించమని రాశాను అత్తయ్యా. పెంచమని కాదు. ఇలా తిప్పుతాడనుకోలేదు."

"నాతో ఒక్క మాట అనకూడదూ? ఇరవై రెండేళ్ళు అక్కడ కూర్చున్నదాన్ని. వాళ్ళు వేలు చూపిస్తే చెయ్యంతా మింగే రకమని చెప్పేదాన్ని."

"మీతో అంటే బోర్డు చూపించేవారు!"

కౌంటరమ్మ కోడలి చేతిలో కత్తి తీసుకుని తక్కిన ఉల్లిపాయలు తనే తరిగింది. ఇద్దరి కళ్ళల్లోనూ నీళ్ళే. తప్పు ఉల్లిపాయలదని సరిపెట్టుకున్నారు.

వారంరోజులు ఇంట్లో మాటలు కావలసినంతే. సరంగు మాత్రం మామూలుగా ఈల వేసుకుంటూ తిరిగాడు. ఎనిమిదో రోజు లాంచీలో కోడలు తప్ప ఎవరూ లేనప్పుడు ఇంజను చప్పుడు తగ్గించి అన్నాడు:

"మీ అత్త మొన్న మేనేజరు దగ్గరికి వెళ్ళింది. తెలుసా?"

"ఎందుకు మావయ్యా?"

"ఆ ఆర్డరు పది రోజులు ఆపమని. ఒకటో తారీఖు బదులు పదకొండో తారీఖునించి పెట్టుకోమని. ఆయన ఎందుకమ్మా అంటే చెప్పలేదట. గుమాస్తా నాతో అన్నాడు, ఈవిడ కుర్చీ అంచున కూర్చుని, అదే మాట నాలుగుసార్లు అడిగిందట. ఆయన నవ్వి పంపించేశాడు."

కోడలికి మొదట అర్థం కాలేదు. కేలండరులో తొమ్మిదో తారీఖు చుట్టూ ఉన్న పెన్సిలు సున్నా గుర్తొచ్చాక అర్థమైంది.

"మీ అత్త కూడా ఈ ఊరికి కోడలిగా వచ్చిందే కదా" అన్నాడు సరంగు. "అప్పుడు కౌంటరులో మీసాలాయన ఉండేవాడు. నేను లాంచీలో హెల్పరుని. ఐదేళ్ళూ మీ అత్త దగ్గర పైవూరి ధరే పుచ్చుకున్నాడు. ఐదేళ్ళు నిండిన రోజు తెల్ల టికెట్టు ఇచ్చి, కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. అవతల దీవిలో దీనికి పనేం లేదు. అయినా వెళ్ళింది, గట్టు మీద కూర్చుని టీ తాగింది, వచ్చేసింది. దారి పొడుగునా ఆ టికెట్టు మడతపెట్టకుండా పట్టుకుంది. నువ్వు ఈ ఊరిదానివి కాదు అని తరవాత ఎవరన్నా దానికి లెక్కలేదు. నీకూ ఆ రోజు రావాలని దాని కోరిక. నియమాన్ని ఒక్క రోజు వంచదు. కాని నియమం పోకుండా ఇంకో పది రోజులు బతికితే చాలునని వెళ్ళి అడిగింది. అదీ సంగతి."

ఆ సాయంత్రం కోడలు రేవులోనే ఆగి, గది తాళం వేసేదాకా ఉండి, అత్తగారితో కలిసి నడిచి ఇంటికి వచ్చింది. మేనేజరు సంగతి ఎత్తలేదు. కౌంటరమ్మా ఎత్తలేదు. సగం దారిలో ఆవిడ కోడలి భుజం మీద సంచీ లాక్కుని తన భుజాన వేసుకుంది.

పాత ధరల ఆఖరి రోజున కోడలు మామూలుగానే వరసలో నిలబడింది. కౌంటరమ్మ చెయ్యి తెల్ల పుస్తకం మీదికి వెళ్ళి ఆగింది. ఇంక తొమ్మిదంటే తొమ్మిది రోజులు. రేపటినించి ఆ పుస్తకమే ఉండదు.

"వద్దు అత్తయ్యా" అంది కోడలు మెల్లిగా. "పసుప్పచ్చదే ఇవ్వండి. మీరు వంచితే నాకు బాగుండదు." అని అరవై లెక్కపెట్టి బల్ల మీద పెట్టింది. కౌంటరమ్మ టికెట్టు చింపి ఇచ్చి, వెంటనే, "తరవాతెవరు?" అని గట్టిగా అరిచింది.

మర్నాడు రేవులో పెద్ద గలాటా అయింది.

అందరికంటే ముందు అందుకున్నది కూరగాయలామె. రెండు గంపలతో రోజూ దీవికెళ్ళి, ముప్పై ఇళ్ళకీ అమ్మి వచ్చే మనిషి. పదికి బదులు ముప్పై అయిదంటే ఆమెకి మిగిలేది గంపలే. ఐసు మోసేవాళ్ళు, వలలు బాగుచేసేవాళ్ళు, దీవిలో తల్లిని చూసుకుంటున్న దర్జీ, అందరూ కిటికీ చుట్టూ మూగారు. మేనేజరు కాగితం మీద ఉన్న ముక్కే అందరి నోళ్ళలోనూ ఉంది.

"అక్కా, నీ కోడలు ఎంత పని చేసిందో చూశావా? పైనించి వచ్చిన పిల్లకి మన బాధలేం తెలుస్తాయి?" అంది కూరగాయలామె.

"పైవాళ్ళు పైవాళ్ళ పక్షమే!" అని వెనకనించి ఎవరో అన్నారు.

కోడలు అప్పుడే మెట్లు దిగుతోంది. ఆ మాట విని అక్కడే ఆగిపోయింది.

కౌంటరమ్మ కిటికీ మూసేసింది. తలుపు తీసుకుని బయటికి వచ్చింది. వరస ఉండగా ఆవిడ గది వదిలి బయటికి రావడం ఎవరూ చూసి ఎరగరు. మనిషి పొట్టి. కిటికీలోంచి చూసినప్పుడు అది ఎవరికీ తెలియదు.

"ఎవరే పైనించి వచ్చింది?" అంది. "దాన్ని అనాలంటే ముందు నన్నను. నేనూ పైనించి వచ్చినదాన్నే. పదిమంది పిల్లలు మెట్ల మీద కూర్చుంటే మీరు దాటుకుని వెళ్ళారు, నేను టికెట్లు చింపాను. అది ఒక్కతే కాగితం తీసుకుని రాసింది. తగ్గించమని రాసింది. పెంచిన పెద్దమనిషి ఎవరో వాణ్ణి అడగండి. మా ఇంటి పిల్లని కాదు."

పిల్లలు ఆరుగురే. ఆవేశంలో పదిమంది అయ్యారు. సరిదిద్దే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

కోడలు ముందుకొచ్చింది. "లేదు అత్తయ్యా, తప్పు నాదే. ఊళ్ళోవాళ్ళని అడక్కుండా రాశాను" అంది. కూరగాయలామె వైపు తిరిగి, "క్షమించు పిన్నీ" అంది. కూరగాయలామె గంప మీద గుడ్డ సవరించుకుంది.

సరంగు అప్పటికే ఇంజను ఆపేశాడు. లాంచీలో పైవాళ్ళు ముప్పైమంది కూర్చుని ఉన్నారు. ఏమైందని అడిగితే, "ఇంటి విషయం" అని చెప్పాడు. పావుగంటలో మేనేజరు చొక్కా గుండీలు పెట్టుకుంటూ పరిగెత్తుకొచ్చాడు.

"ఏంటమ్మా ఇది? మీరే ఇలా చేస్తే ఎలా?"

"సార్, ఇరవై రెండేళ్ళుగా మనుషుల్ని ఎక్కడ పుట్టావు, ఎన్నేళ్ళయింది అని అడిగి అడిగి నాకు విసుగొచ్చింది" అంది కౌంటరమ్మ. "మూడు హోటళ్ళాయనకి పది, బడిపిల్లలకి అరవై. అదీ తప్పే. మీ ముప్పై అయిదూ తప్పే. ఏడాదికోసారి వచ్చేవాడికి ముప్పై అయిదు పెద్ద లెక్క కాదు. రోజూ ఎక్కేదానికి ప్రాణం పోతుంది. ఎక్కడ పుట్టారని అడక్కండి. నెలకి ఎన్నిసార్లు ఎక్కుతారని అడగండి. రోజూ ఎక్కేవాళ్ళకి నెలపాసు ఇవ్వండి. ఏ ఊరివాళ్ళైనా సరే. బడిపిల్లలకి సగం."

మేనేజరు అటూ ఇటూ చూశాడు. లాంచీలోంచి ముప్పైమంది ఆయన్నే చూస్తున్నారు.

"పైవాళ్ళని అడగాలి" అన్నాడు.

"అడగండి. మీ పైవాళ్ళు ఎప్పుడూ పైనే ఉంటారు. ఒకసారి కిందకి దిగి రేవు చూడమనండి."

జనం నవ్వారు. మేనేజరు కూడా నవ్వేశాడు. అక్కడితో లాంచీ కదిలింది.

పైవాళ్ళు జవాబివ్వడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ కూరగాయలామె లాంచీ ఎక్కలేదు. ఆమె గంపలు రెండూ కోడలు మోసుకెళ్ళింది. ఎలాగూ తన టికెట్టు తను కొనాలి, గంపలకి టికెట్టు లేదు అంది. అవతల దిగి, ముందు ముప్పై ఇళ్ళూ తిరిగి కూరలమ్మి, ఆ తరవాత గొడుగు తెరిచి కోట చూపించేది. మొదటి రోజు తక్కెడ పట్టుకోవడం రాక ఒక ముసలాయనకి కిలో టమాటాల డబ్బుకి రెండు కిలోలు ఇచ్చేసింది. చూడ్డానికి వచ్చినవాళ్ళలో ఒకావిడ ముచ్చటపడి క్యాబేజీ కొని, కోటంతా చంకలో పెట్టుకుని తిరిగింది. సాయంత్రం కూరగాయలామె రేవులో లెక్క చూసుకుని తల పట్టుకునేది.

"నాలుగు భాషలొచ్చు, నలభై గ్రాముల తేడా తెలీదు. ఏం చదువమ్మా నీది?" అనేది. నాలుగో రోజునించి పొద్దున్నే కోడలిని కూర్చోబెట్టి తూకం నేర్పింది. తొమ్మిదో తారీఖు వచ్చి వెళ్ళిపోయింది. ఆ ఉదయం కోడలు రెండు గంపలతో కిటికీ దగ్గరికి వచ్చేసరికి కౌంటరమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. నిలబడే ముప్పై అయిదు పుచ్చుకుంది. వెనక వరసలోవాళ్ళకి ఆవిడ నడుం పట్టేసిందేమో అనిపించింది.

పన్నెండో తారీఖున కొత్త ఆర్డరు వచ్చింది. ఒకసారికి ముప్పై అయిదు. బడిపిల్లలకి సగం. నెలపాసు ఎవరికైనా ఒకటే ధర, రోజూ ఎక్కేవాళ్ళకి పాత పదికి కాస్త ఎక్కువలో పడుతుంది. కొందరు సంతోషించారు. కాస్త ఎక్కువ కూడా ఎందుకని కొందరు గొణిగారు. హోటళ్ళాయన ముప్పై అయిదు ఇస్తూ, ఈ ఊళ్ళో పుట్టినదానికి విలువ లేకుండా పోయిందన్నాడు. "పుట్టినందుకు మీ అమ్మగారు పడ్డ కష్టం ముందు ఇదెంతండీ" అని కౌంటరమ్మ టికెట్టు చింపి ఇచ్చింది. కోడలు కొండల్లోని బడికి కార్డు రాసింది, మిగిలిపోయిన ఆరుగురినీ తీసుకురమ్మని. మాస్టారు జవాబు రాశాడు, పరీక్షలయ్యాక వస్తామని. ఎప్పుడొస్తారో ఇంకా తెలియదు.

ఆ నెలాఖరున సెలవు రోజు ఉదయం కౌంటరమ్మ తలదువ్వుకుని, మంచి చెప్పులు వేసుకుని వచ్చి లాంచీ ఎక్కింది. సరంగు చూసి ఈల ఆపేశాడు.

"ఎక్కడికి?"

"కోట చూడ్డానికి. ఇన్నేళ్ళూ ఊరివాళ్ళకీ పైవాళ్ళకీ టికెట్లు అమ్ముతూనే ఉన్నాను, లోపల ఏముందో నేనెప్పుడు చూశాను?"

కోడలి గుంపులో ఆ రోజు పధ్నాలుగుమంది. కౌంటరమ్మ అందరికంటే వెనక నిలబడింది. కోడలు ఒక భాషలో చెప్పి, ఇంకో భాషలో చెప్పి, అత్తగారి కోసం మూడోసారి ఇంట్లో మాట్లాడే మాటల్లో చెప్పింది. ఫిరంగి దగ్గర కౌంటరమ్మ చెయ్యెత్తి, "ఇంత బరువు ఇంత పైకి ఎవరు మోశారమ్మా?" అని అడిగింది. దాదాపు మూడేళ్ళలో ఆ మాట ఎవరూ అడగలేదు. కోడలికి జవాబు తెలియలేదు.

"తెలుసుకుని చెప్తానండీ" అంది గైడులా.

"చెప్పాలి మరి. డబ్బిచ్చి వచ్చాను" అంది కౌంటరమ్మ.

గుంపులోవాళ్ళకి ఈవిడ ఎవరో తెలియదు. పేచీకోరు ముసలావిడని అనుకుని కొందరు పక్కకి జరిగారు. బురుజు మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఆవిడకి ఆయాసం వచ్చింది. నలభై మెట్లు. కోడలు గుంపుని పైకి పంపించి, తను కిందకి దిగి వచ్చింది.

"ఆగి ఆగి ఎక్కుదాం అత్తయ్యా."

"నీ జనం పైన ఎదురు చూస్తున్నారు."

"చూడనివ్వండి. పైన గాలి బాగుంటుంది."

కౌంటరమ్మ ఒక చేత్తో గోడ పట్టుకుని, ఇంకో చెయ్యి కోడలి చేతికిచ్చి, ఒక్కో మెట్టే ఎక్కడం మొదలుపెట్టింది.